హెచ్చరిక: అలాస్కా ఓడకు డిపాజిట్ కట్టేముందు

వేసవికి అమ్మానాన్నల్ని అమెరికా రప్పించుకుని, పనిలో పనిగా అలాస్కా క్రూజ్ కూడా చూపించేద్దామనుకుంటున్న ప్రతి ఇంటికీ ఈ కబురు డిపాజిట్ కట్టకముందే చేరాలి. వాళ్ల పాస్‌పోర్టులో పదేళ్ల అమెరికా వీసా ఉండవచ్చు. ఓడ సియాటిల్‌లో బయల్దేరి మళ్లీ సియాటిల్‌కే రావచ్చు. దారిలో చూడబోయే జూనో, స్కాగ్వే, కెచికాన్ మూడూ అమెరికా ఊళ్లే. అయినా సరే, భారత పాస్‌పోర్టు మీద కెనడా వీసా లేకపోతే వాళ్లను ఓడ ఎక్కనివ్వరు. కట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. పెట్టెలతో, పిల్లలతో, చక్రాల కుర్చీలో నాన్నతో రేవుకు చేరాక కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. కొడుకూ కోడలూ పిల్లలతో ఓడెక్కాలా, పెద్దవాళ్లతో వెనక్కి తిరగాలా అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

ఎందుకిలా? 1886లో అమెరికా చేసుకున్న ప్యాసింజర్ వెసల్ సర్వీసెస్ యాక్ట్ అనే చట్టం ఇంకా అమల్లో ఉంది. పరాయి దేశపు జెండా కట్టుకున్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, అమెరికా రేవులన్నీ తిప్పి, అమెరికాలోనే దించేస్తానంటే ఆ చట్టం ఒప్పుకోదు. మధ్యలో ఎక్కడో ఒకచోట పరాయి దేశపు రేవు తాకాలి. కంపెనీ ఆఫీసు ఫ్లోరిడాలో ఉన్నా, పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహమాస్, పనామా, బెర్ముడా వంటి చోట్ల రిజిస్టరైనవే. అందుకే సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా ఓడ కెనడాలోని విక్టోరియా రేవులో ఆగుతుంది. చాలా ట్రిప్పుల్లో అది చివరి రాత్రి, భోజనాల వేళ దాటాక, నాలుగైదు గంటల ఆగుడు మాత్రమే. ఊరు చూసే తీరిక కూడా సరిగ్గా ఉండదు. ఆ నాలుగైదు గంటల కోసమే వీసా.

ఈ పట్టు ఎంత గట్టిదో 2021లో తెలిసింది. కోవిడ్ వల్ల కెనడా తన రేవులు మూసేస్తే అలాస్కా సీజన్ మొత్తం ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆ ఒక్కసారికి మినహాయింపు ఇవ్వడానికి అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అది తాత్కాలికం, అయిపోయింది. చట్టం చేస్తే గానీ తేలని వ్యవహారం మీ బతిమాలుడుతో కౌంటర్ దగ్గర తేలదు. “మేం విక్టోరియాలో దిగం, గదిలోనే కూర్చుంటాం” అన్న మాట అక్కడి ఉద్యోగులు రోజూ వినేదే. ఓడ తాకే ప్రతి దేశానికీ కాగితాలు ఉన్నాయా లేదా అన్నదొక్కటే వాళ్లు చూస్తారు.

ఇంకో వదంతి వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది. “అమెరికా వీసా ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ఈటీఏ తీసుకుంటే చాలు” అని. ఆ సౌకర్యం కొన్ని దేశాల వాళ్లకు ఉన్నమాట నిజం. ఆ జాబితాలో భారత్ లేదు. ఉన్న దేశాల వాళ్లకైనా అది విమానంలో వెళ్తేనే పనికొస్తుంది, ఓడలో వెళ్తే కాదు. నమ్మి మోసపోకండి.

ఎవరికి ఏం కావాలో ఇంట్లో ఒక్కొక్కరి పాస్‌పోర్టు ముందు పెట్టుకుని చూడాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే చాలు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు. అయితే కార్డుతో పాటు చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు చూపాలని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. పాస్‌పోర్టు గడువు దాటిపోయి, కార్డు మీదే బండి నడిపిస్తున్నవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నవాళ్లకు మాత్రం అమ్మానాన్నల లాగే కెనడా వీసా తప్పనిసరి. వీళ్లకు రెండో చిక్కు కూడా ఉంది. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు దాటిపోతే వెనక్కి రావడం ఎలా? కెనడాలో 30 రోజులకు మించకుండా ఉండి, చెల్లుబాటులో ఉన్న ఐ-94తో తిరిగొచ్చేవాళ్లను పాత స్టాంపుతోనే రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే నిబంధన ఉంది. అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు పెట్టుకుంటే మాత్రం అది వర్తించదు. రేవులో ఉండే ఉద్యోగికి ఈ నిబంధన తెలియకపోవచ్చు. అందుకని ఓడ కంపెనీ నుంచి ముందే ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకుని ప్రింటు దగ్గర పెట్టుకోండి. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కూడా ఒకమాట అడగండి. సెలవు సరదా కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఎందుకు?

కెనడా వీసాకు మనిషికి 100 కెనడా డాలర్లు. వేలిముద్రలు, ఫోటోకు మరో 85, భార్యాభర్తలు కలిసి పెట్టుకుంటే ఇద్దరికీ కలిపి 170. గత పదేళ్లలో కెనడాకు వేలిముద్రలు ఇచ్చి ఉంటే మళ్లీ అక్కర్లేదు. 79 ఏళ్లు దాటినవాళ్లకూ మినహాయింపే. కొడుకూ కోడలు, అమ్మా నాన్న, నలుగురికీ కావాలంటే మొత్తం 740 కెనడా డాలర్లు. అమెరికా లెక్కలో 500 పైమాటే. పైగా కొరియరు ఖర్చులు. డబ్బు కంటే పెద్ద సమస్య సమయం. వీసా మంజూరయ్యాక స్టాంపు కోసం పాస్‌పోర్టు పంపాలి, అది తిరిగొచ్చేదాకా కదలడానికి లేదు. మే నెలలో హైదరాబాద్ నుంచి వచ్చి జూన్‌లో ఓడెక్కాలనుకునే పెద్దవాళ్లకు అమెరికా వచ్చాక దరఖాస్తు పెడితే అందదు. ఇండియా నుంచే, అమెరికా విమానం టికెట్ తీసుకోకముందే మొదలుపెట్టాలి. ఎన్ని వారాలు పడుతోందో కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దేశాల వారీగా పెడతారు. ఆ అంకెకు మీ సొంత భయం కొద్దీ ఇంకో నెల కలుపుకోండి.

“ఇన్సూరెన్స్ తీసుకున్నాం కదా” అని ధీమాగా ఉన్నవాళ్లు పాలసీ తెరిచి చదవాలి. జబ్బు చేస్తే, ఇంట్లో ఎవరైనా పోతే, తుపాను వస్తే డబ్బిచ్చే మామూలు ట్రావెల్ పాలసీ వీసా రాకపోతే సాధారణంగా పైసా ఇవ్వదు. ఏ కారణం చేతనైనా రద్దు చేసుకోవచ్చనే ప్రత్యేక పాలసీ ఉంటుంది. ధర ఎక్కువ, మొదటి డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, ఇచ్చేది కూడా సాధారణంగా నాలుగింట మూడు వంతుల దాకే. ఓడ కంపెనీ సంగతి చెప్పనే అక్కర్లేదు. బయల్దేరడానికి రెండున్నర, మూడు నెలల ముందు మొత్తం సొమ్ము కట్టించుకుంటుంది. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే కోత మొదలై, చివరి వారాల్లో నూటికి నూరూ మింగేస్తుంది. వీసా దరఖాస్తు కూడా పెట్టకుండా తిమింగలాల టూరు బుక్ చేసుకుని గ్రూపులో ఫోటో పెట్టేవాళ్లను చూస్తే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతే గుర్తొస్తుంది.

ఇక డబ్బు. “ఏడు రాత్రుల అలాస్కా, మనిషికి 700 డాలర్లే” అన్న ప్రకటన చూసి ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురికి 4,200 అని గుణించుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ ధర కిటికీ లేని లోపలి గదిలో ఇద్దరు పంచుకుంటే వర్తించేది. మూడో మనిషికి, నాలుగో మనిషికి వేరే లెక్క. గది నంబరు తర్వాత చెబుతామనే చవక టికెట్‌లో అమ్మానాన్నలకు ఒక అంతస్తు, మీకు ఇంకో అంతస్తు తగలవచ్చు. రాత్రి బాత్‌రూమ్‌కు లేచే పెద్దవాళ్లు పక్క గదిలో ఉండాలంటే గది మీరే ఎంచుకోవాలి, దానికి ఎక్కువ కట్టాలి. మంచు కొండల మధ్య నుంచి ఓడ వెళ్లేటప్పుడు బాల్కనీ ఉంటే బాగుంటుందనేది నిజమే. కానీ ఆ అందం పైడెక్కు మీద అందరికీ ఉచితంగానే దొరుకుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు బాల్కనీ, కుర్రవాళ్లకు లోపలి గది అన్నది మా సలహా.

2024 జూలై నుంచి కాలిఫోర్నియా చట్టం వల్ల రేవు పన్నులు కలిపిన ధరనే ముందు చూపించడం మొదలైంది. అంతవరకూ మేలు. టిప్పులు మాత్రం అందులో లేవు. మామూలు ఓడల్లో మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా టిప్పు దానంతటదే బిల్లులో పడుతుంది, చంటిపిల్లకు కూడా పడే ఓడలున్నాయి. ఆరుగురికి ఏడు రోజులంటే 672 నుంచి 840 డాలర్లు. అది సిబ్బంది కూలి. తీసేయించుకోవచ్చని సలహాలిచ్చే వీడియోలను నమ్మి గిన్నెలు కడిగేవాళ్ల నోట్లో మట్టి కొట్టకండి, ముందే లెక్కలో వేసుకోండి. ఇంటర్నెట్ వేరే. ఫోను విమానం మోడ్‌లో పెట్టకపోతే సముద్రం మధ్య ఓడ సొంత సెల్ నెట్‌వర్క్‌కు తగులుకుంటుంది. నాన్న రెండు నిమిషాలు ఊరికి మాట్లాడినా, నెలాఖరు బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది.

అసలు బరువంతా రేవుల్లో ఉంది. అలాస్కాలో ఓడ దిగి ఊళ్లో తిరిగితే ఖర్చు లేదు గానీ, జనం వెళ్లేది తిమింగలాలు, హిమానీనదాలు చూడటానికి. జూనోలో తిమింగలాల పడవకు మనిషికి 150 నుంచి 200 డాలర్ల చుట్టూ అవుతుంది. హెలికాప్టర్‌లో మంచు మీద దించే టూరుకు 300 దాటుతుంది, చాలావాటికి అంతకంటే బాగా ఎక్కువే. స్కాగ్వేలో బంగారు వేట రోజుల్లో 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన వైట్ పాస్ రైలు ఉంది, చూసి తీరాల్సిందే. కానీ ఆ రైలు ట్రిప్పుల్లో కొన్ని సరిహద్దు దాటి కెనడాలో దించుతాయి, వాటికీ కెనడా కాగితాలు కావాలి. మూడు రేవుల్లో ఒక్కో టూరు, ఆరుగురు అనుకుంటే టికెట్ ధరతో సమానమయ్యేంత డబ్బు అక్కడే తేలిపోతుంది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సియాటిల్‌కు విమానం, ముందురోజు రాత్రి హోటల్, రేవు దాకా రెండు క్యాబులు, ఫోటోలు, కూల్‌డ్రింకులు కలిపితే బడ్జెట్ తడిసి మోపెడవుతుంది. ప్రకటనలో చూసిన మొత్తానికి రెట్టింపు చేతిలో లేనివాళ్లు ఈ ఏడాదికి ఆగడం మేలు. క్రెడిట్ కార్డు మీద ఈడ్చుకొచ్చి చేయాల్సిన యాత్ర కాదిది. ముందురోజు హోటల్ మాత్రం తగ్గించుకోకండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. రేవుల్లోనూ అంతే, చెప్పిన టైముకు మెట్లు తీసేస్తారు.

ఇండియా నుంచి ట్రావెల్ ఏజెంటు ద్వారా ప్యాకేజీ కొనేవాళ్లు టీసీఎస్ పేరుతో ముందే పట్టుకునే పన్ను ఎంతో అడగాలి. రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

గ్రూపు బుకింగుల విషయంలో కటువుగానే చెప్పాలి. “మనవాళ్లే యాభై కుటుంబాలు, ఓడంతా మనదే, అన్నమాచార్య కీర్తనలు కూడా” అంటూ డబ్బు నేరుగా జెల్ (Zelle)లో పంపమనేవాళ్లకు పైసా పంపకండి. అలా పంపిన డబ్బును బ్యాంకు వెనక్కి తేవడం చాలా కష్టం. క్రెడిట్ కార్డుతో కడితే కనీసం ఫిర్యాదు చేసే దారి ఉంటుంది. బుకింగ్ నంబరు అడగండి. ఓడ కంపెనీ వెబ్‌సైట్‌లో మీరే లాగిన్ అయి మీ పేర్లు, గది, కట్టిన సొమ్ము కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. “అన్నగారూ, మా మీద నమ్మకం లేదా” అని నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

పేర్ల తంటా మన ఇళ్లలోనే ఎక్కువ. పెద్దవాళ్ల పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. అప్పుడు అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని అచ్చవుతుంది. పిల్లలు బుక్ చేసేటప్పుడు అలవాటుగా తమ ఇంటిపేరు తగిలిస్తారు. టికెట్ ఒక పేరు, పాస్‌పోర్టు ఒక పేరు, వీసా ఇంకో పేరు! పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే బుక్ చేసి, ఓడ కంపెనీకి ఫోన్ చేసి ఖాయం చేసుకోండి.

ఆరోగ్యం గురించి చెప్పకుండా ఊరుకుంటే ఈ హెచ్చరికకు అర్థం లేదు. జూనో రాష్ట్ర రాజధానే, కానీ బయటి ప్రపంచం నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. ఓడో విమానమో, అంతే. అక్కడ ఆసుపత్రి ఉంది. గుండెకో మెదడుకో పెద్ద సమస్య వస్తే మాత్రం రోగిని 1,400 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని సియాటిల్‌కో, ఆంకరేజ్‌కో విమానంలో తరలించాల్సి రావచ్చు. ఎయిర్ అంబులెన్సు బిల్లు పదుల వేల డాలర్లలో వస్తుంది. ఓడలో డాక్టరు ఉంటారు, ఫీజు గది బిల్లులో పడుతుంది, ఇన్సూరెన్సు నుంచి తర్వాత మీరే రాబట్టుకోవాలి. అమ్మానాన్నలకు అమెరికా వచ్చేటప్పుడు తీసుకున్న విజిటర్ పాలసీ కెనడాలో పనిచేస్తుందా, ఓడ మీద పనిచేస్తుందా, తరలింపు ఖర్చు ఎంతవరకు ఇస్తుంది, పాత బీపీ, షుగరు వల్ల వచ్చిన జబ్బుకు ఇస్తుందా అన్న నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే మాత్రమే, అదీ ఫలానా వయసు లోపైతేనే ఇస్తామనే పాలసీలు చాలా ఉన్నాయి. మందులు, ఇన్సులిన్, ప్రిస్క్రిప్షన్ చేతి సంచిలోనే ఉండాలి. రేవులో అప్పగించిన పెద్ద పెట్టె సాయంత్రానికి గానీ గదికి రాదు.

చలి గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. జూన్, జూలైల్లో ఆ తీరంలో పగలు 13 నుంచి 18 డిగ్రీల దాకా ఉంటుంది, లంబసింగి చూసినవాళ్లకు కొత్తేమీ కాదు. అక్కడి శత్రువు వాన. కెచికాన్‌లో ఏడాదికి మూడున్నర మీటర్లకు పైగా కురుస్తుంది. నూలు స్వెటరు, జీన్సు ప్యాంటు తడిస్తే ఒంటికి అంటుకుని వణికిస్తాయి. వందల డాలర్లు పెట్టి బొద్దు జాకెట్లు కొనే బదులు లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్లు దిగని రెయిన్ జాకెట్, ఇలా పొరలుగా వేసుకోవాలి. అమ్మ చీర మీదే ఉంటానంటే లోపల థర్మల్ ప్యాంటు వేయించండి, చెప్పులు మాత్రం వద్దు, తడి డెక్కు మీద జారితే యాత్ర ఆసుపత్రిలో తేలుతుంది. హిమానీనదం దగ్గర మంచు మీదుగా వచ్చే గాలి కోత వేరు. అక్కడ ఇంట్లో ఉన్న మంకీ క్యాపే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మనవళ్లు నవ్వినా సరే. మే నెలలో వానలు తక్కువ, ధరలూ కాస్త తక్కువే. సెప్టెంబరులో చవకగా వచ్చే టికెట్‌తో పాటు గట్టి వానలూ వస్తాయి. జూన్‌లో ఉత్తర ధ్రువపు వెలుగులు చూపిస్తామని ఎవరైనా ఊరిస్తే నవ్వి ఊరుకోండి, ఆ నెలలో అక్కడ సరిగ్గా చీకటే పడదు.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు, ఇస్త్రీ పెట్టె ఓడ ఎక్కనివ్వరు, నిప్పు భయం. ఇంట్లో పెట్టిన ఆవకాయ కూడా చాలా ఓడల్లో కుదరదు. శాకాహారం, అందులో మన వంట కావాలంటే బుకింగ్ అప్పుడే చెబితే ఏర్పాటు చేస్తారు. మొదటిరోజు జరిగే అత్యవసర డ్రిల్లుకు మాత్రం అమ్మానాన్నల్ని దగ్గరుండి తీసుకెళ్లండి. 2019 మార్చిలో నార్వే తీరంలో వైకింగ్ స్కై అనే ఓడ ఇంజన్లు తుపానులో ఆగిపోయి, 479 మందిని హెలికాప్టర్లతో ఒక్కొక్కరిగా పైకి లాగాల్సి వచ్చింది. వాళ్లలో వయసు మళ్లినవాళ్లు చాలామంది.

నార్వే మాటొచ్చింది కాబట్టి, అటువైపు ఆలోచిస్తున్నవాళ్లకు కూడా ఇలాంటి గొయ్యే ఉంది. స్వాల్‌బార్డ్ దీవులు నార్వేవే అయినా షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) పరిధిలో లేవు. ఒక్క ప్రవేశానికి ఇచ్చిన వీసాతో అక్కడికి వెళ్తే తిరిగి నార్వేలో అడుగుపెట్టడానికి వీసా మిగలదు.

కెనడా వీసా రాలేదు, లేదా సమయం లేదు, అయినా పెద్దవాళ్లకు అలాస్కా చూపించాలి అనుకునేవాళ్లకు దారి మూసుకుపోలేదు. సియాటిల్ నుంచి ఆంకరేజ్‌కు మూడున్నర గంటల విమానం. అక్కడి నుంచి సివార్డ్ దాకా రైలు వెళ్తుంది. సివార్డ్‌లో పొద్దున ఎక్కి సాయంత్రం దించే పడవలు కెనాయ్ ఫ్యోర్డ్స్ జాతీయ పార్కులో హిమానీనదాల ముందు దాకా తీసుకెళ్తాయి. అన్నీ అమెరికా నేలా నీళ్లే కాబట్టి పరాయి వీసాతో పని లేదు. రాత్రి హోటల్ గదిలో కదలని మంచం, కావలిస్తే వంటగది కూడా. మొదటిసారి వెళ్లే డెబ్బై ఏళ్ల వాళ్లకు ఏడు రోజుల ఓడ కంటే ఇదే సుఖమని కూడా మా అభిప్రాయం.

ఇప్పటికే డిపాజిట్ కట్టేసినవాళ్లు ఈ పూటే బుకింగ్ తెరిచి మూడు విషయాలు చూడండి: డిపాజిట్ వెనక్కి వచ్చేదేనా కాదా, మొత్తం సొమ్ము కట్టాల్సిన ఆఖరు తేదీ ఏది, ఓడ ఆగే రేవుల్లో విక్టోరియా, వాంకూవర్, ప్రిన్స్ రూపర్ట్ పేర్లలో ఏదైనా ఉందా. ఉండి, ఆ ఆఖరు తేదీలోపు వీసా స్టాంపు పడే అవకాశం లేకపోతే, తేదీ మార్చమనో వచ్చే సీజన్‌కు జరపమనో ఇప్పుడే కంపెనీని అడగండి. డిపాజిట్ పోయినా పోనివ్వండి, మిగతా సొమ్ము మాత్రం వీసా చేతికి రాకుండా కట్టకండి.